పాఠకుల ప్రశ్నలు: ఎర్ర రక్తకణం మీద కణజాలపు గుర్తులు

గత నెల ఈ శీర్షికలో రక్తం గ్రూపుల గురించి రాస్తూ, మనిషి ఎర్ర రక్తకణం మీద కణజాలపు గుర్తులు, అంటే శరీరం తన కణాలను పరాయి కణాల నుంచి వేరుగా గుర్తుపట్టేందుకు తోడ్పడే హెచ్‌ఎల్‌ఏ యాంటిజెన్లు, "దాదాపు ఉండవు" అని ఒక్క వాక్యంలో ముగించాను. ఆ "దాదాపు" అన్న మాటకు అర్థం చెప్పమంటూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి కొన్ని ఉత్తరాలు వచ్చాయి. పాఠకులు అడిగింది సబబైన ప్రశ్న. రక్తం ఎక్కించేవారికీ, ఎక్కించుకునేవారికీ ఆ మాటతో పని పడే రోజులు ఉంటాయి కనుక ఈసారి శీర్షికంతా దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను కందుకూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మూడు కాన్పులైన ఒక తల్లికి ఆపరేషన్ ఉందని రక్తం నమూనా పంపారు. గ్రూపు బి పాజిటివ్. యాంటీబాడీ స్క్రీనింగ్‌లో, గుర్తులు ముందే తెలిసిన మూడు ఎర్రకణ నమూనాల్లో ఒకదానితో, అదీ కూంబ్స్ దశలో (కణాలకు అంటుకున్న యాంటీబాడీలను బయటపెట్టే దశలో) మాత్రమే, చాలా బలహీనంగా ప్రతిచర్య వచ్చింది. నమూనాను పెద్ద ల్యాబ్‌కు పంపితే పదకొండు కణాల ప్యానెల్‌లో మూడింటితో అలాగే వచ్చిందనీ, ఆ వరస ఏ బ్లడ్ గ్రూపు పట్టికకూ సరిపోలేదనీ, "బీజీ తరహా యాంటీబాడీ కావచ్చు" అనీ రాశారు. బీజీ అనేది ఏ బ్లడ్ గ్రూపు? ఆమెకు రక్తం ఇవ్వవచ్చా?

జవాబు: బీజీ అనేది అసలు బ్లడ్ గ్రూపు కాదు. బ్లడ్ గ్రూపుల అంతర్జాతీయ పట్టికలో దానికి గ్రూపు వ్యవస్థగా స్థానం లేదు. బెనెట్, గుడ్‌స్పీడ్ అనే పేర్ల తొలి అక్షరాలతో 1960లలో ఆ పేరు స్థిరపడింది. అప్పట్లో అదేదో కొత్త రకం ఎర్రకణ యాంటిజెన్ అనుకున్నారు. అది తెల్ల రక్తకణాల మీద ఉండే కణజాలపు గుర్తేననీ, ఎర్రకణం మీద దాని శేషం మాత్రమే కనిపిస్తోందనీ 1969లో తేలింది. ఇప్పుడు మనకు తెలిసినంతవరకు బీజీ-ఏ అంటే హెచ్‌ఎల్‌ఏ బి7, బీజీ-బి అంటే హెచ్‌ఎల్‌ఏ బి17, బీజీ-సి అంటే హెచ్‌ఎల్‌ఏ ఏ28. వీటిలో బి17ను తరువాత బి57, బి58గానూ, ఏ28ను ఏ68, ఏ69గానూ విడదీశారు కాబట్టి కొత్త పుస్తకాలలో ఆ అంకెలు కనిపిస్తే తికమకపడవద్దు.

శేషం అన్న మాట కొంచెం వివరించాలి. మన శరీరంలో కేంద్రకం ఉన్న ప్రతి కణమూ, ఇంచుమించు మినహాయింపు లేకుండా, తన పైపొర మీద మొదటి తరగతి హెచ్‌ఎల్‌ఏ అణువులను నిలబెట్టుకుంటుంది. కణం లోపల తయారయ్యే ప్రొటీన్ల ముక్కలను ఆ అణువులు బయటికి చూపిస్తాయి. కాపలా తిరిగే టీ లింఫోసైట్లు వాటిని తడిమి చూసి, వైరస్ ముక్క కనబడితే ఆ కణాన్ని చంపుతాయి. ఎముక మూలుగలో పుట్టే ఎర్రకణం కూడా పసిదశలో కేంద్రకం ఉన్న కణమే కనుక దాని మీదా ఈ అణువులు నిండుగా ఉంటాయి. పెరిగే కొద్దీ అది కేంద్రకాన్ని వదిలేస్తుంది, ప్రొటీన్లు తయారుచేసే సరంజామాను వదిలేస్తుంది, పైపొరలో కొంత భాగాన్ని చిన్న చిన్న బుడగలుగా విడిచిపెడుతుంది. ఆ క్రమంలోనే హెచ్‌ఎల్‌ఏ కూడా తరిగిపోతుంది. కోవూరు వైపు వరికోతలయ్యాక మళ్లలో నిలిచిపోయే కొయ్యకాళ్లను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు: పైరు పోయింది, పైరు ఉండేదన్న ఆనవాలు మిగిలింది. పూర్తిగా ఎదిగిన ఎర్రకణం మీద ఈ అణువులు కొన్ని పదుల నుంచి కొన్ని వందల వరకే ఉంటాయి. అదే కణం మీద, గ్రూపు పాజిటివో నెగెటివో తేల్చే ఆర్‌హెచ్ డి యాంటిజెన్ స్థానాలు పది వేల నుంచి ముప్పై వేలదాకా, ఏ గ్రూపువారి కణం మీద ఏ యాంటిజెన్ స్థానాలు పది లక్షల వరకూ ఉంటాయని తెలిస్తే, మీ పరీక్షలో ప్రతిచర్య ఎందుకంత బలహీనంగా వచ్చిందో మీకే అర్థమవుతుంది.

(ఇక్కడే ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. ఎదిగిన ఎర్రకణానికి హెచ్‌ఎల్‌ఏ కాపలా లేకపోవడం వైరస్‌ల విషయంలో నష్టమేమీ కాదు, కేంద్రకం లేని కణంలో వైరస్ పెరగలేదు. మలేరియా క్రిమి సంగతి వేరు. అది ఎర్రకణంలోనే కాపురం పెడుతుంది, టీ లింఫోసైట్లు తడిమి చూసేందుకు ఆ గోడ మీద దాదాపు ఏమీ లేదు. ఆ క్రిమి దాక్కునే చోటును ఎంత తెలివిగా ఎంచుకుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.)

ప్యానెల్‌లో వరస కుదరకపోవడానికి కూడా కారణం ఈ తరుగుదలే. హెచ్‌ఎల్‌ఏ బి7 ఉన్న ఇద్దరు దాతలను తీసుకుంటే, వారి తెల్లకణాల మీద ఆ గుర్తు సమానంగానే ఉండవచ్చు, ఎర్రకణాల మీద మాత్రం ఒకరిలో కనిపించేంత మిగిలి, మరొకరిలో కనిపించనంతగా తరిగిపోయి ఉండవచ్చు. ఒకే మనిషిలో కూడా కాలాన్ని బట్టి మారుతుంది. గ్లాండ్యులర్ జ్వరం (గ్రంథులు వాచే ఒక వైరస్ జ్వరం) వంటి కొన్ని జబ్బులలో ఎర్రకణాల మీద బీజీ బలం పెరుగుతుందని చాలాకాలంగా తెలుసు. అప్పుడే పుట్టిన కణాలు, అంటే రెటిక్యులోసైట్లు, ఎక్కువగా ఉన్న రక్తంలోనూ అది ఎక్కువగా ఉంటుంది. అందుకే ప్యానెల్ పట్టికలో బీజీ పాజిటివ్ అని రాసిన కణం ఒక లాట్‌లో గట్టిగా పలికి, మరో లాట్‌లో పలకకపోవచ్చు.

ఇక ఆ తల్లి రక్తంలో ఆ యాంటీబాడీ ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆమె కాన్పుల నుంచే. కడుపులోని బిడ్డ సగం తండ్రి పోలిక. ఆ సగంలోని హెచ్‌ఎల్‌ఏ తల్లికి పరాయిది. కాన్పు సమయంలో బిడ్డ కణాలు తల్లి రక్తంలో కలిసినప్పుడు ఆమె శరీరం దానికి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. కాన్పులు పెరిగేకొద్దీ ఇలాంటి యాంటీబాడీలు కనిపించే తల్లులూ పెరుగుతారు. 1958లో హాలెండులో వాన్ రూడ్, అమెరికాలో రోజ్ పేన్ విడివిడిగా కనిపెట్టింది ఇదే. ఆ తరువాత ఎన్నో ఏళ్లు ప్రపంచమంతటా కణజాల పరీక్షలకు వాడిన సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే, యాంటీబాడీలుండే ద్రవం), పలు కాన్పులైన తల్లుల రక్తం నుంచి తీసిందే. అవయవ మార్పిడి వైద్యం పేరు తెలియని ఎందరో తల్లులకు ఋణపడి ఉందని చెప్పడం నాకు ఇష్టం.

మీరు చేయవలసిన పని గురించి. "బీజీ కావచ్చు" అన్న మాట, ప్రమాదకరమైన యాంటీబాడీలు లేవని తేల్చుకున్న తరువాతే రాయవలసిన మాట. బలహీనంగా ఉందని వదిలేసిన యాంటీ-సి, యాంటీ-ఈ, యాంటీ-కెల్, యాంటీ-జేకే-ఏలు (ఏబీఓ కాని ఇతర బ్లడ్ గ్రూపుల మీది యాంటీబాడీలు) తరువాత నిజంగా రక్తకణాలను పగలగొట్టిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి వాటిని పట్టికలో ఒక్కొక్కటిగా కొట్టివేసుకోండి. బీజీయేనని రుజువు చేసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్యానెల్ కణాలను క్లోరోక్విన్ డైఫాస్ఫేట్ ద్రావణంలో ఉంచడం. మలేరియాకు మనం ఎరిగిన ఆ క్లోరోక్వినే ఎర్రకణాల మీది హెచ్‌ఎల్‌ఏ శేషాన్ని ఊడబెరుకుతుంది, మిగిలిన బ్లడ్ గ్రూపు యాంటిజెన్లను చాలావరకు అలాగే ఉంచుతుంది. అంతకుముందు వచ్చిన ప్రతిచర్య ఆ తరువాత మాయమైతే అది బీజీ అనడానికి బలమైన ఆధారం. ఎక్కువసేపు ఉంచితే ఆర్‌హెచ్ యాంటిజెన్లు కూడా బలహీనపడతాయి కాబట్టి రెండు గంటలు దాటనివ్వవద్దు. రెండోది, రోగి సీరంను పలువురి ప్లేట్‌లెట్లతో కలిపి ఉంచి, వడగట్టిన సీరంతో మళ్లీ పరీక్షించడం. ప్లేట్‌లెట్ల మీద మొదటి తరగతి హెచ్‌ఎల్‌ఏ దండిగా ఉంటుంది కనుక ఆ యాంటీబాడీని అవి పీల్చేసుకుంటాయి. ఈడీటీఏ-గ్లైసీన్ ఆమ్ల పద్ధతి కూడా బీజీని తీసివేస్తుంది గానీ కెల్‌ను కూడా నాశనం చేస్తుంది, కాబట్టి ఆ కణాలతో యాంటీ-కెల్ లేదని తేల్చకూడదు.

రక్తం ఇవ్వవచ్చా అంటే, ఇవ్వవచ్చు. కూంబ్స్ దశ దాకా క్రాస్ మ్యాచ్ చేసి, అంటే దాత ఎర్రకణాలను ఆమె సీరంతో కలిపి చూసి, కలిసిన బ్యాగును ఇవ్వండి. బీజీ యాంటీబాడీల వల్ల ఎర్రకణాలు పగిలిన సంఘటనలు వైద్య పత్రికలలో ఉన్నాయి, అయితే అవి అరుదు. బిడ్డకు కామెర్లు తెచ్చే కోవలోకి ఇది రాదు. ఆమెకు ఎక్కువగా రాగల ఇబ్బంది రక్తం ఎక్కించినప్పుడు వణుకుతో వచ్చే జ్వరం. దానికి కారణం ఎర్రకణాలు కావు, బ్యాగులో వాటితోపాటు వచ్చే దాత తెల్లకణాలు. అందుకని వీలుంటే తెల్లకణాలు వడగట్టిన రక్తం ఇమ్మని డాక్టరుగారికి చెప్పండి. ఆమె కార్డు మీద "హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీ ఉండవచ్చు, మూడు కాన్పులు" అని రాసి ఇవ్వండి. ఎప్పుడైనా ఆమెకు ప్లేట్‌లెట్లు ఎక్కించవలసి వస్తే, డెంగ్యూ కాలంలో అది అసాధ్యమేమీ కాదు, ఎన్ని బ్యాగులు ఎక్కించినా లెక్క పెరగకపోతే ఎక్కడ వెదకాలో ఆ ఒక్క వాక్యం చెబుతుంది.

ప్రశ్న: నెల్లూరులో బీఎస్సీ చదువుతున్నాను. ఓ నెగెటివ్ రక్తం అందరికీ పనికొస్తుందంటారు కదా, అంటే ఓ నెగెటివ్ వారికి హెచ్‌ఎల్‌ఏ కూడా ఉండదా?

జవాబు: ఉంటుంది, అందరికీ ఉన్నట్లే. ఏబీఓ జన్యువు తొమ్మిదో క్రోమోజోము మీద, ఆర్‌హెచ్ జన్యువులు ఒకటో క్రోమోజోము మీద, హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఉంటాయి, ఒకదానితో మరొకదానికి పొత్తు లేదు. మీ జేబులోని బ్లడ్ గ్రూపు కార్డు కణజాలపు గుర్తుల గురించి ఏమీ చెప్పదు.

మీరు విద్యార్థి కనుక ఒక చరిత్ర విషయం. కణజాలపు గుర్తులు మొదట దొరికింది ఎర్రకణాల మీదే, అయితే మనుషులవి కావు, ఎలుకలవి. ఎలుక ఎర్రకణం పెద్దయ్యాక కూడా ఆ గుర్తులను దండిగా నిలుపుకుంటుంది. 1936, 1937 సంవత్సరాలలో లండన్‌లో పీటర్ గోరర్, ఎలుకల ఎర్రకణాలను ముద్దకట్టించే పరీక్షలు చేస్తూ, తాను రెండోదిగా లెక్కించిన యాంటిజెన్ ఉందో లేదో దాన్ని బట్టే ఆ ఎలుక పరాయి కణితిని తోసిపుచ్చుతుందో నిలుపుకుంటుందో తేలుతోందని గమనించాడు. అమెరికాలో జార్జ్ స్నెల్ ఆ దారిలోనే ముందుకు వెళ్లాడు. మనిషిలో తొలి గుర్తును పారిస్‌లో జా దోసే 1958లో వర్ణించాడు, పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారి సీరం ఇతరుల తెల్లకణాలను ముద్దకట్టించడం చూసి. స్నెల్, దోసే, బెనాసెరాఫ్‌లకు 1980లో నోబెల్ బహుమతి వచ్చింది. గోరర్ 1961లోనే చనిపోయాడు కనుక ఆ వరుసలో ఆయన పేరు లేదు. మనిషి ఎర్రకణం కూడా ఎలుక కణంలా ఉండి ఉంటే కణజాల పరీక్ష మామూలు గ్రూపు పరీక్షంత సులువుగా, ఎంతో ముందుగానే మనకు దక్కేదేమోనని అనిపిస్తుంది.

ప్రశ్న: మాది ఒంగోలు. నా భార్య రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉంది. మాకు ఇద్దరు పిల్లలు. నాదీ ఆమెదీ ఓ పాజిటివే కనుక నా కిడ్నీ ఇస్తానన్నాను. గ్రూపు కలిసినా ఇంకా క్రాస్ మ్యాచ్ కలవాలంటున్నారు. పైగా మొన్న హిమోగ్లోబిన్ 7.4కు పడిపోతే రక్తం ఎక్కించడానికి వెనకాడారు. నా రక్తమే తీసుకోండి అన్నాను, అది అసలే వద్దన్నారు. భర్త రక్తం భార్యకు ఎందుకు పనికిరాదు?

జవాబు: మీ బాధ మీ ఉత్తరంలో అక్షరం అక్షరంలోనూ కనిపిస్తోంది. అక్కడి డాక్టర్లు చెప్పినది మీ కిడ్నీని కాపాడటానికేనని ముందుగా చెబుతాను.

కిడ్నీ మార్పిడికి గ్రూపు కలవడం మొదటి గడప మాత్రమే. ఎర్రకణం మీద కొయ్యకాళ్లలా మిగిలిన హెచ్‌ఎల్‌ఏ, కిడ్నీ కణాల మీద నిండు పైరులా ఉంటుంది. మీ హెచ్‌ఎల్‌ఏకు వ్యతిరేకంగా మీ శ్రీమతి రక్తంలో ఇప్పటికే యాంటీబాడీలు ఉంటే, కలిపిన కిడ్నీలో రక్తం ప్రవహించిన నిమిషాలలో, గంటలలో అది నల్లబడిపోవచ్చు. 1969లో పటేల్, టెరసాకి అనే ఇద్దరు ఈ సంగతిని లెక్కలతో చూపించినప్పటి నుంచి, దాత తెల్లకణాలను రోగి సీరంతో కలిపి చూడకుండా సాధారణంగా కిడ్నీ పెట్టడం లేదు. కిడ్నీ క్రాస్ మ్యాచ్ అంటే అదే. బ్లడ్ బ్యాంకు క్రాస్ మ్యాచ్‌లో వాడేది దాత ఎర్రకణాలు, ఇందులో వాడేది లింఫోసైట్లు. పేరు ఒకటే అయినా పరీక్షలు వేరు.

భర్త ఇచ్చే కిడ్నీకి ఈ పరీక్ష మరింత ముఖ్యం. మీ ఇద్దరు పిల్లలూ మీ హెచ్‌ఎల్‌ఏలో సగాన్ని మోసుకుని ఆమె కడుపులో తొమ్మిది నెలలు పెరిగారు. పైన కందుకూరు సోదరుడికి చెప్పిన కారణం చేత, ఆమె శరీరం మీ గుర్తులను అప్పుడే పరిచయం చేసుకుని ఉండవచ్చు. ఇప్పుడు మీ రక్తం ఎక్కిస్తే, నిద్రపోతున్న ఆ జ్ఞాపకాన్ని తట్టి లేపినట్లవుతుంది. ఇతరుల రక్తమైనా ప్రతి బ్యాగూ కొత్త కొత్త హెచ్‌ఎల్‌ఏ గుర్తులను పరిచయం చేస్తుంది, అందుకే వెనకాడారు. మామూలు రక్తం బ్యాగులో సుమారు వంద కోట్ల తెల్లకణాలు ఉంటాయి. వడపోసిన బ్యాగులో అవి 50 లక్షల లోపుకు తగ్గుతాయి. ఈ వడపోత మేలు చేస్తుంది, కానీ పూర్తి రక్షణ ఇవ్వదు. ఎర్రకణానికి కొన్ని పదులో వందలో అణువులే కదా అనుకుంటాం, కానీ 350 మిల్లీలీటర్ల రక్తంలో ఎర్రకణాలు లక్షన్నర కోట్లకు పైబడి ఉంటాయి. వాటన్నిటి మీది శేషాన్ని కూడగడితే అది తీసిపారేయదగినంత కాదు. నేను గత నెల రాసిన "దాదాపు"కు అసలైన బరువు ఇక్కడ ఉంది.

అందువల్ల మీరు అడగవలసినవి ఇవి. రక్తహీనతకు ఎరిత్రోపోయిటిన్ (ఎర్రకణాల తయారీని పెంచే మందు) ఇంజక్షను, ఐరన్ సరిపడా అందుతున్నాయా అని అడగండి. ఆయాసం, ఛాతీనొప్పి వంటివి ఉండి రక్తం తప్పనిసరైతే మాత్రం భయపడి ఆపవద్దు, ప్రాణం ముందు. అప్పుడు వడపోసిన రక్తం, మీది గానీ మీ పిల్లలది గానీ కానిది ఇమ్మనండి. రక్తం ఎక్కించిన తేదీలన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకుని, ఎక్కించిన రెండు మూడు వారాల తరువాత యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయాలా అని అడగండి. ఒకవేళ మీతో క్రాస్ మ్యాచ్ కలవకపోతే దారి మూసుకుపోయినట్లు కాదు. మీలాగే కలవని మరో జంటతో దాతలను మార్చుకునే పద్ధతికి 1994 నాటి అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ వీలు కల్పించింది. మరణించినవారి అవయవాలను రోగులకు కేటాయించే జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు చేయించుకోవడం కూడా దీనికి అడ్డు కాదు.

ప్రశ్న: కావలి నుంచి ఒక తల్లిని. మా బాబుకు తలసేమియా మేజర్. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తాం. మాది మేనరికం. రక్తం దొరకని రోజున వాళ్ల మేనమామ ఇస్తానంటున్నాడు. ఇంట్లో వాళ్ల రక్తమైతే బాగా కలుస్తుందని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, మేనమామగారి మంచి మనసుకు నమస్కారం. కానీ ఆయన రక్తం మీ బాబుకు వద్దు. ఆయన ఇచ్చే రక్తం మరో బిడ్డకు వెళ్లి, మరొకరు ఇచ్చిన రక్తం మీ బాబుకు వచ్చేలా బ్లడ్ బ్యాంకు వారితో మాట్లాడుకోండి.

ఇంట్లో వాళ్ల రక్తం బాగా కలవడమే ఇక్కడ అపాయం. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు తల్లి నుంచి ఒక కట్టగా, తండ్రి నుంచి ఒక కట్టగా బిడ్డకు వస్తాయి. మేనరికాలు తరతరాలుగా సాగిన ఇళ్లలో ఒకే కట్ట రెండు వైపుల నుంచీ చేరి, ఒక మనిషిలో రెండు కట్టలూ ఒకటే కావడానికి అవకాశం ఎక్కువ. అలాంటి దాత తెల్లకణాలు, అదే కట్టను ఒకదాన్ని మోస్తున్న బిడ్డ శరీరంలోకి వెళితే, బిడ్డ శరీరం వాటిని తనవే అనుకుని ఊరుకుంటుంది. అవి మాత్రం బిడ్డలోని రెండో కట్టను పరాయిదిగా చూసి చర్మం, కాలేయం, పేగులు, ఎముక మూలుగ మీద దాడి చేస్తాయి. ఇది అరుదైన ఉపద్రవమే, కానీ వచ్చినవారిలో నూటికి తొంభై మందికి పైగా బతకరు. తెల్లకణాల వడపోత దీన్ని ఆపడానికి చాలదు. బ్యాగును 25 గ్రే (రేడియేషన్ కొలమానం) మోతాదులో రేడియేషన్‌కు గురిచేస్తేనే భద్రత, ఆ యంత్రం అన్నిచోట్లా ఉండదు.

రెండో కారణం, మున్ముందు బాబుకు ఎముక మూలుగ మార్పిడి చేయించే ఆలోచన ఉంటే, దాత దాదాపుగా మీ ఇంట్లోవారే అవుతారు. ఇంటివారి గుర్తులను బాబు శరీరానికి ఇప్పుడే పరాయిగా పరిచయం చేస్తే, అప్పుడు మూలుగ నిలవడం కష్టమవుతుంది. ఒక తోబుట్టువుతో రెండు కట్టలూ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. తోబుట్టువులు ఇద్దరుంటే, కనీసం ఒకరు కలిసే అవకాశం నూటికి సుమారు నలభై నాలుగు. ఇక్కడ మేనరికం ఒక్క మేలు చేస్తుంది: అమ్మానాన్నలతోనో, పినతండ్రి, మేనత్త బిడ్డలతోనో పూర్తిగా కలిసే సందర్భాలు బంధుత్వం లేని ఇళ్లలో కంటే ఎక్కువ. కాబట్టి పరీక్షను తోబుట్టువుల దగ్గరే ఆపవద్దు. ఆ పరీక్షకు సూది కూడా అక్కరలేదు, బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి తీసిన కణాలు చాలు.

బాబు ఎర్రకణాల పూర్తి గ్రూపు, అంటే ఆర్‌హెచ్‌లోని సి, ఈ గుర్తులు, కెల్ కూడా, ఇదివరకు చూసి రాసిపెట్టారో లేదో కనుక్కోండి. ఇటీవల రక్తం ఎక్కించుకున్న పిల్లల్లో దాత కణాలు కలిసిపోయి ఉంటాయి కనుక మామూలు పద్ధతిలో అది తేలదు, డీఎన్‌ఏ పరీక్ష చేయవలసి వస్తుంది. తెలిసిన తరువాత వాటికీ సరిపోయిన, వడపోసిన రక్తమే ప్రతిసారీ అడగండి. రక్తం దొరకని రోజుకోసం ఇప్పుడే, బంధువులు కానివారిని పది పన్నెండు మందిని కూడగట్టి, వారి గ్రూపులు చూపించి, నెలకొకరి వంతు చొప్పున మీ బ్లడ్ బ్యాంకులో పేర్లు రాయించి ఉంచండి.